ఆర్కాట్ రోడ్డు సందులో పాత డ్రమ్ ప్యాడ్ల దుకాణం

చెన్నైలో పాత డ్రమ్ ప్రాక్టీస్ ప్యాడ్లు (డ్రమ్ బదులు స్టిక్కులతో సాధన చేసుకునే దిమ్మలు), మెట్రోనోములు (లయ కోసం టిక్కుటిక్కుమనే యంత్రాలు) ఎక్కడ దొరుకుతాయని ఎవరడిగినా నేను ఒక్క దుకాణమే చెబుతాను. వడపళనిలో ఆర్కాట్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, రేకుల కప్పు కింద ఉంటుంది. బోర్డు లేదు. సందు మొదట్లో టీ కొట్టువాణ్ణి 'డ్రమ్స్ రిపేరు' అని అడిగితే చాలు, చూపిస్తాడు. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ చిన్న విషయానికి కాదు, అదీ రాస్తాను.

నాలుగు ఎందుకిచ్చానంటే, ఈ యజమాని తన దగ్గరికొచ్చిన వస్తువుని తుడవడు. సెకండ్‌హ్యాండ్ కొట్లలో మామూలుగా జరిగేది వేరు. చిరిగిన లేబుల్ గీకేస్తారు, తుప్పు పట్టిన స్క్రూలు పీకి కొత్తవి బిగిస్తారు, చెక్కకి వార్నిష్ కొడతారు, పైన పేరున్న కంపెనీ స్టిక్కర్ ఒకటి అంటిస్తారు. చూడటానికి తళతళలాడుతుంది. కానీ ఆ వస్తువు ఎప్పటిదో, ఎక్కడిదో చెప్పగల ఆధారాలన్నీ అక్కడితో పోయినట్టే. పాతవి పోగుచేసేవాళ్ళకి కావలసింది ఆ ఆధారాలే. ఇక్కడ మాత్రం దుమ్ముతో సహా ఇస్తాడు. ఏదైనా మార్చి ఉంటే ముందే చెబుతాడు, తీసేసిన పాత స్క్రూలు చిన్న పొట్లం కట్టి చేతిలో పెడతాడు.

"తుడిస్తే రెండొందలు ఎక్కువొస్తాయమ్మా. తుడవకపోతే మీలాంటోళ్ళు మళ్ళీ వస్తారు" అన్నాడు ఒకసారి. గూడూరు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. బేరం దగ్గరికొచ్చేసరికి మాత్రం అరవంలోకి దిగుతాడు.

నేను సాలిగ్రామంలో పిల్లలకి డ్రమ్స్ నేర్పుతాను. మా నాన్నగారు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి రికార్డింగ్ థియేటర్లలో తాళవాద్యాలు వాయించారు. అందుకని ఈ సరుకు ఈ చుట్టుపక్కలే ఎందుకు బయటపడుతుందో నాకు వింతగా అనిపించదు. ఒకప్పుడు తెలుగు సినిమా పాటంతా ఈ కోడంబాక్కం, వడపళని మధ్యే తయారైంది. పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదు వెళ్ళిపోయింది. 1980ల నుంచి రిథమ్ మెషీన్లు, కీబోర్డులు వచ్చి చాలామంది వాద్యకారులకి పని తగ్గించాయి. వాయించే చేతులు ఆగినా వస్తువులు అటకల మీద ఉండిపోయాయి. ఇప్పుడు ఆ ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతుంటే అవి ఒక్కొక్కటిగా కిందికి దిగుతున్నాయి. మా నాన్నగారి కాలంలో ఇలాంటివాటికి సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళు. అది 1985లో కాలిపోయింది. పాత సామాను వ్యాపారం ఆ తర్వాత కూడా సాగింది కానీ, అన్నీ ఒక్కచోట దొరికే వీలు పోయింది.

ఈ మధ్య అక్కడ నేను కొన్నవాటిలో ముందు చెప్పాల్సింది వాలు చెక్క ప్యాడ్. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా ఉండే చెక్క దిమ్మ, దాని మీద గుండ్రటి రబ్బరు బిళ్ళ. అమెరికాలో లడ్‌విగ్, స్లింగర్‌లాండ్ లాంటి కంపెనీలు ఈ రకం ప్యాడ్లు చేసేవి. వాటిని చూసి చాలాచోట్ల చేసుకున్నారు. నాకు దొరికినదాని మీద కంపెనీ పేరు లేదు. తిరగేస్తే అడుగున సగం చిరిగిన కాగితం లేబుల్ ఉంది. పై సగంలో ఉండాల్సిన దుకాణం పేరు పోయింది, కింది సగంలో 'మౌంట్ రోడ్, మద్రాస్-2' అన్న అక్షరాలు మిగిలాయి.

ఆ కాస్త కాగితానికే నేను డబ్బిచ్చాను. మన దేశంలో ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు మద్రాసులో ఊరి పేరు పక్కన ఒకటి రెండంకెల జోను నంబరే రాసేవాళ్ళు. తర్వాత ఆ మద్రాస్-2 కాస్తా 600002 అయింది. ఊరి పేరు చెన్నై అయింది 1996లో. కాబట్టి లేబుల్ మీద 'మద్రాస్-2' అని ఉంటే బహుశా 1972కి ముందు అచ్చువేసిందని, '600002' ఉంటే తర్వాతదని, 'చెన్నై' అని ఉంటే ఇంకా తర్వాతదని చెప్పుకోవచ్చు. ఇది లేబుల్ అచ్చయిన కాలం మాత్రమే. దుకాణంవాళ్ళ దగ్గర పాత లేబుళ్ళ కట్ట మిగిలి ఉంటే పిన్ కోడ్ వచ్చిన కొన్నేళ్ళకి కూడా అవే అంటించి ఉండొచ్చు. 'మౌంట్ రోడ్' అన్న మాటని నమ్ముకోవడానికి అసలే లేదు. అన్నా సాలై అని పేరు మార్చి ఇన్నేళ్ళయినా సగం ఊరు ఇప్పటికీ మౌంట్ రోడ్డనే అంటుంది.

లేబుల్ ఒక్కదాన్నే నమ్మకుండా మిగతావి కూడా చూశాను. రబ్బరు బిళ్ళని పట్టి ఉంచిన స్క్రూలు ఇత్తడివి, తలకి అడ్డంగా ఒకే గాడి ఉన్నవి. ఆ గాళ్ళలో మురికి గట్టిపడి ఉంది, అంచులు చెదరలేదు. అంటే ఈ మధ్య ఎవరూ విప్పలేదు. ప్లస్ గాడి స్క్రూలు 1930ల నుంచి వాడుకలో ఉన్నాయి, కనక ఒకే గాడి ఉంటే పాతదనుకోవడానికి వీల్లేదు. విప్పలేదన్నదే ఇక్కడ పనికొచ్చే సంగతి. రబ్బరు బిళ్ళ మధ్యలో పక్కపక్కనే రెండు నల్లటి మచ్చలున్నాయి, స్టిక్కు కొనలు పడీపడీ నున్నబడ్డ చోట్లు. కుడి మచ్చ గుండ్రంగా ఉంది. ఎడమది పక్కకి కొంచెం సాగి ఉంది. భుజానికి తగిలించుకునే డ్రమ్ ఒరిగి ఉంటుంది కాబట్టి పాతకాలం డ్రమ్మర్లు ఎడమచేతి స్టిక్కుని అరచేయి పైకి తిప్పి, బొటనవేలి సందులో పట్టుకునేవాళ్ళు. ఆ పట్టులో స్టిక్కు పక్కనుంచి వచ్చి పడుతుంది. ఈ ప్యాడ్ మీద సాధకం చేసినాయన అలా పట్టుకున్నాడనే నా అంచనా. ఎవరో ఏళ్ళ తరబడి రోజూ కూర్చుని చేసిన పని ఆ రెండు మచ్చల్లో ఉంది. దాన్ని గరుకు కాగితం పెట్టి రుద్దేసి 'కొత్తదానిలా చేశాం' అని అమ్మేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వాయించడానికి ఎలా ఉందంటారా? పరవాలేదు, గొప్పగా లేదు. సహజ రబ్బరుకి గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి అన్నీ శత్రువులే. కొన్నాళ్ళకి పైపొర గట్టిపడి మెరుస్తుంది, కొన్ని రకాలు జిగటగా మారతాయి. గోరుతో నొక్కి చూడండి. గుంట పడి, వేలు తీయగానే పూడుకుంటే రబ్బరులో ప్రాణముంది. గోరు దిగకపోతే ప్రదర్శనకే. ముఖ్యంగా అంచుల దగ్గర, రబ్బరు వంగి సాగిన చోట, ఆ సాగుడుకి అడ్డంగా సన్నటి బీటలుంటే అది ఓజోన్ పని, ఇక బాగుపడదు. నా ప్యాడ్ మధ్యలో ఇంకా మెత్తగా ఉంది, అంచు గట్టిపడింది. నెమ్మదిగా డబుల్ స్ట్రోక్ రోల్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు) వాయిస్తే రెండో దెబ్బ లేస్తుంది కానీ మణికట్టుకి కొంచెం అదురు తెలుస్తుంది. పిల్లలకి ఇవ్వను. తొమ్మిది వందలు పెట్టాను. లేబుల్ లేకపోతే మూడొందలు కూడా పెట్టేదాన్ని కాదు.

ఇంకొక్క మాట, మన ఇళ్ళల్లో రబ్బరు ఎండిపోతే కొబ్బరినూనె రాసే అలవాటుంది. ప్యాడ్‌కి ఆ పని చేయకండి. సహజ రబ్బరు నూనె పీల్చి ఉబ్బుతుంది, బలం పోతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, కాస్త టాల్కమ్ పౌడర్ చల్లి, చీకటి బీరువాలో పెట్టుకోండి. అంతకుమించి ఏమీ వద్దు.

రెండోది రీమో ట్యూనబుల్ ప్యాడ్, ఎనిమిదంగుళాలది. వాయించడానికి కొనేవాళ్ళకి ఈ దుకాణంలో నేను మొట్టమొదట చూపించేది ఇదే. ప్లాస్టిక్ దిమ్మ, లోపల ఫోమ్, పైన తెల్లటి హెడ్ (దెబ్బ పడే పొర), దాన్ని బిగించే రిమ్, చుట్టూ స్క్రూలు. నిజం డ్రమ్ లాగే బిగువు మార్చుకోవచ్చు. రీమో బెల్లీ 1957లో పెట్టిన కంపెనీ ఇది. దూడతోలు హెడ్ల బదులు మైలార్ అనే పాలియెస్టర్ పొరతో హెడ్లు చేసి అమ్మారు, వాటికి 'వెదర్ కింగ్' అని పేరు పెట్టి కిరీటం బొమ్మ వేశారు. మన సముద్రపు గాలిలో తోలు వాద్యంతో కుస్తీ పట్టినవాళ్ళకి ఆ పేరు విలువ వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరు కచేరీల్లో మృదంగం విద్వాంసుడు పాటకీ పాటకీ మధ్య ఆగి శ్రుతి సరిచేసుకోవడం మనం చూస్తూనే ఉంటాం.

నా ప్యాడ్ వెనక లేబుల్ మీద కాలిఫోర్నియాలోని నార్త్ హాలీవుడ్ చిరునామా, దాని చివర ఐదంకెల జిప్ కోడ్ ఉన్నాయి. అమెరికాలో జిప్ కోడ్ వచ్చింది 1963లో. రీమో నార్త్ హాలీవుడ్ వదిలి వాలెన్సియాకి మారింది 1990లలో. ఈ రెంటి మధ్యలోది అని ధైర్యంగా చెప్పొచ్చు. అంతకంటే దగ్గరగా, '1971 మోడల్ మేడమ్' అని ఎవరైనా అంటే ఆధారం చూపించమనండి. చికాగో కంపెనీల సరుకు దొరికితే కూడా చిరునామాయే చూడండి. స్లింగర్‌లాండ్ వాళ్ళు చికాగో బెల్డెన్ అవెన్యూలో ఉండి, 1960 ప్రాంతంలో నైల్స్ అనే ఊరికి వెళ్ళారు. లేబుల్ మీద ఏ ఊరుందో చూస్తే చాలు, సగం పని అయిపోతుంది.

ఇక ఆ ప్యాడ్ లోపలి సంగతి. దుకాణంలోనే విప్పించాను. యజమాని అభ్యంతరం పెట్టలేదు, తనే స్క్రూడ్రైవర్ అందించాడు. మూడు స్క్రూలు సులువుగా తిరిగాయి, ఒకటి తుప్పుతో పట్టేసి ఉంది. కాస్త తుప్పు వదిలించే నూనె వేసి టీ తాగి వచ్చేసరికి కదిలింది. రిమ్ ఎత్తగానే లోపలున్న ఫోమ్ వేళ్ళకి అంటుకుంది. ఒకప్పటి తెల్లటి ఫోమ్ పసుపచ్చగా మారి, ఒకవైపు బంకలా, ఇంకోవైపు పిండిలా ఉంది. పాలియురెథేన్ ఫోమ్‌లో కొన్ని రకాలు గాలిలోని తేమకే విడిపోతాయి. చెన్నై తేమలో అంతకంటే ఏం ఆశిస్తాం? ఇలాంటి ప్యాడ్ పైకి ఎంత బాగున్నా వాయిస్తే చప్పగా ఉంటుంది. దెబ్బ పడ్డాక స్టిక్కు లేవదు, మనం లేపాలి. చాలామంది అది ప్యాడ్ గుణమే అనుకుని పక్కన పడేస్తారు. పాపం, తప్పు ఫోమ్‌ది.

బాగుచేయడం కష్టమేం కాదు. పాత బంకంతా ప్లాస్టిక్ గరిటెతో గీకి, సబ్బునీళ్ళతో కడిగి, సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గర గట్టి రకం ఫోమ్ ముక్క గుండ్రంగా కోయించి వేశాను. మందం పాతదానితో సరిపోవాలి. ఎక్కువైతే హెడ్ ఉబ్బుతుంది, తక్కువైతే మోత పెరిగిపోతుంది. హెడ్ మాత్రం పాతదే ఉంచాను, పైపూత సగం అరిగినా సరే, కిరీటం గుర్తు కనిపిస్తోంది కదా. రోజువారీ వాయించేవాళ్ళు కొత్త హెడ్ వేసుకుని, పాతది పడేయకుండా కవర్లో దాచుకోండి.

ఫలితం చెబుతాను. మెట్రోనోమ్ 60 మీద (నిమిషానికి 60 దెబ్బలు) పెట్టి పారడిడిల్ (కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ), తర్వాత ఓపెన్ రోల్ (అదే డబుల్ స్ట్రోక్ రోల్), ప్రెస్ రోల్ (స్టిక్కుని నొక్కి గరగరలాడించేది) వాయించాను. బిగువు పెంచితే స్నేర్ డ్రమ్‌కి చాలా దగ్గరగా ఉంది. వదులు చేస్తే టామ్ మీద వాయించినట్టు చెయ్యి కాస్త కష్టపడాల్సి వస్తోంది. గమ్ రబ్బరు ప్యాడ్లు స్టిక్కుని మనకంటే ఉత్సాహంగా ఎగరేస్తాయి, దాంతో పిల్లలకి తమ చేతులు సిద్ధమైపోయాయన్న భ్రమ కలుగుతుంది. పరీక్ష గదిలో అసలు డ్రమ్ ముందు కూర్చోగానే రోల్ తడబడుతుంది. ఈ ప్యాడ్ ఉన్నదున్నట్టు చెబుతుంది. గ్రేడ్ పరీక్షలకి కూర్చునే మా పిల్లలకి నేను దీన్నే ఇస్తున్నాను. ఒక్కటే ఇబ్బంది, రబ్బరు కంటే మోత ఎక్కువ. అపార్ట్‌మెంట్లో రాత్రి తొమ్మిది దాటాక వాయిస్తే కింది ఇంటివాళ్ళు ఊరుకోరు. యజమాని పద్దెనిమిది వందలు చెప్పి పధ్నాలుగు వందలకి ఇచ్చాడు.

గ్లాడ్‌స్టోన్ ప్యాడ్ అని చెప్పి ఒక రబ్బరు పళ్ళెం కూడా చూపించాడు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో వాయించిన బిల్లీ గ్లాడ్‌స్టోన్ పేరు మీద వచ్చిన రకం అది, స్నేర్ డ్రమ్ హెడ్ మీదే పరుచుకుని వాయించుకోవాలి. ఇతని దగ్గరున్నదాని మీద ఎక్కడా అచ్చు గుర్తు లేదు. ఆకారం సరిపోయినంత మాత్రాన పేరున్నదాని ధర ఇవ్వలేం. ఆ మాటే చెప్పాను. "అయితే రబ్బరు ధరకి తీసుకోండమ్మా" అన్నాడు. బీటలున్నాయని వదిలేశాను.

మెట్రోనోములు రెండు మూడు ఎప్పుడూ ఉంటాయి. పిరమిడ్ ఆకారపు విట్నర్ (జర్మన్ కంపెనీ) ఒకటి కొన్నాను, మూడున్నర వేలు. అడుగున 'వెస్ట్ జర్మనీ' అని ఉంది కాబట్టి 1949కీ 1990కీ మధ్యది. కొనేముందు రెండు పరీక్షలు చేయండి. సమతలం మీద పెట్టి కళ్ళు మూసుకుని వినండి. టిక్కుకీ టాక్కుకీ మధ్య దూరం సమానంగా ఉండాలి, కుంటకూడదు. తర్వాత 60 మీద పెట్టి ఫోన్‌లో నిమిషం చూసుకోండి. స్ప్రింగ్ నిండా చుట్టినప్పుడూ, చివరికొచ్చినప్పుడూ రెండుసార్లూ చూడాలి. నాది చివర్లో కొంచెం నెమ్మదిస్తుంది, కీ ఇచ్చి వాడుకుంటున్నాను.

స్టిక్కుల డబ్బా ఒకటుంది, జతలు కుదరవు, కానీ తడిమి చూడటం నాకిష్టం. నైలాన్ కొన ఉన్న స్టిక్కు దొరికితే అది 1958కి ముందుది కాదు, ఆ కొనని జో కాలాటో తెచ్చింది ఆ ఏడాదే. ఆ మధ్య వేరేచోట ఒక అమ్మకందారు నైలాన్ కొన స్టిక్కులు చూపించి రెండో ప్రపంచ యుద్ధం నాటివని నాలుగు వేలు అడిగాడు. ఇలాంటి ఒక్క సంగతి గుర్తుంటే ఆ నాలుగు వేలూ మిగులుతాయి. పెట్టెల్లో రూడిమెంట్ల (డ్రమ్మర్లు సాధన చేసే ప్రాథమిక పాఠాల) కాగితాలు దొరికినా పారేయకండి. అందులో 26 ఉంటే అమెరికా రూడిమెంటల్ డ్రమ్మర్ల సంఘం పద్ధతిది. 40 ఉంటే 1984 తర్వాతది, పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ ఆ 40 జాబితాని ఖాయం చేసింది అప్పుడే.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒకటి గురించి. ఇంత నిజాయితీగా అమ్మే మనిషి, సరుకు పెట్టే పద్ధతి మాత్రం దారుణం. రేకుల కప్పు కింద మే నెలలో నిలబడలేం. ఆ వేడిలో రబ్బరు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, అడుగువి పైవాటికి అంటుకుపోతాయి. పక్కనే గ్రైండింగ్ మోటారు నిప్పురవ్వలు కక్కుతూ తిరుగుతుంది. బ్రష్ మోటార్ల నిప్పురవ్వల దగ్గర ఓజోన్ పుడుతుంది, రబ్బరుని బీటలు వారించేది అదే. నలభై యాభై ఏళ్ళు ఎవరి అటక మీదో బతికిన రబ్బరు ఇక్కడ రెండు వేసవులకి పోతోంది. రబ్బరువన్నీ లోపలి గదిలో చెక్క బీరువాలో పెట్టమని చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. లోపలి గదిలో కాంగో డ్రమ్ములున్నాయట. అందుకని రబ్బరు సరుకు ఏదైనా నచ్చితే ఆలోచించుకుని వస్తానని రాకండి, ఆ రోజే తీసేసుకోండి. వేసవి దాటనివ్వకండి.

బిల్లు ఇవ్వడు, తిరిగి తీసుకోడు. కార్డు లేదు, ఫోన్‌లో డబ్బు పంపొచ్చు. పొద్దున పదకొండు లోపు వెళితే తీరిగ్గా మాట్లాడతాడు, సాయంత్రం రిపేరుకొచ్చే బ్యాండువాళ్ళతో కిటకిటలాడుతుంది. కొత్త ప్యాడ్, గ్యారంటీ, బిల్లు కావాలనుకునేవాళ్ళు మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌కి వెళ్ళండి. మొదటిసారి డ్రమ్స్ నేర్చుకునే పిల్లలకి అదే మంచిది.

పాతవాటి కోసం ఇక్కడికొచ్చేవాళ్ళు ఒక స్క్రూడ్రైవర్, చిన్న టార్చి, మీరు రోజూ వాయించే స్టిక్కుల జత తెచ్చుకోండి. ఏది తీసుకున్నా ముందు తిరగేసి అడుగు చూడండి, ఫోన్‌తో లేబుల్ ఫోటో తీసుకోండి, ఆ తర్వాతే ధర అడగండి. పోయిన వారం వెళ్ళినప్పుడు పది అంగుళాల రీమో ప్యాడ్ ఒకటి పై అరలో ఉంది. ఫోమ్ పోయింది, స్క్రూలన్నీ తిరుగుతున్నాయి, లేబుల్ చెక్కుచెదరలేదు. నాకు ఉన్నవి చాలు. కావలసినవాళ్ళు త్వరగా వెళ్ళండి.